అయిదు చోట్ల నిలిచిన ఆటగాడు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఏ ఆట చూచినను ప్రేక్షకుని కన్ను బంతి వెంట పోవును. బంతి ఎవని చేతిలో నున్నదో వాడే ఆటగాడని తోచును. అమెరికా దేశపు ఫుట్‌బాల్ ఆటలో ప్రతి జట్టునందును అయిదుగురు ఆటగాండ్రు కలరు. బంతిని విసరుట వారి పని కాదు. విసరిన బంతిని పట్టుటకు సాధారణముగా వారికి నియమము ఒప్పుకొనదు. అయినను వారు లేనిచో ఆ జట్టు ఒక్క అడుగైనను ముందుకు సాగదు. ఆ అయిదుగురి స్థానములు అయిదింటను నిలిచి పేరు తెచ్చుకొన్నవాడు బ్రూస్ మాథ్యూస్. అతని ఉద్యోగ జీవితమునందలి తొలి సంవత్సరములే ఈ ప్రసంగ విషయము.

ఉద్యోగ జీవితమనుట అతిశయోక్తి కాదు. ఆ దేశమున ఈ ఆట వృత్తిగా నడచుచున్నది. ఆటగానికి జీతము కలదు, ఒప్పంద పత్రము కలదు, పై అధికారి వలె శిక్షకుడు కలడు. ఒక స్థానమునుండి మరియొక స్థానమునకు మార్పును కలదు. కనుక ఈ కథ ఆటలయందు ఆసక్తి లేనివారికి కూడ అంత దూరమైనది కాదు. ఇక అతడు ఉద్యోగమున చేరిన హ్యూస్టన్ నగరము తెలుగువారికి క్రొత్తది కాదు. నేడు అచ్చట ఎన్నో తెలుగు కుటుంబములు స్థిరపడియున్నవి. బిడ్డలను చూచుటకు పోయి వచ్చిన పెద్దలు ఆదివారము నాడు టెలివిజనులో ఈ ఆటను చూచియే యుందురు. అది మన పాఠశాలల మైదానములలో ఆడు ఫుట్‌బాల్ కాదని కూడ గ్రహించియుందురు.

ఆట తీరు కొద్ది మాటలలో ఇట్లు చెప్పవచ్చును. పక్షమునకు 11 మంది. రెండు గోలు గీతల నడుమ మైదానము 100 గజములు. బంతి తమ చేతనున్న జట్టునకు నాలుగు ప్రయత్నములు లభించును. ఆ నాలుగింటిలో 10 గజములు ముందుకు సాగినచో మరల నాలుగు లభించును. సాగలేనిచో బంతి ఎదుటివారి పాలగును. బంతిని పట్టుకొని పరుగెత్తవచ్చును, లేదా ముందుకు విసరవచ్చును. విసరువానిని క్వార్టర్‌బ్యాక్ అందురు. అతడు విసరకముందే పడగొట్టుటకు ఎదుటివారు మీదికి దుముకుదురు. వారికిని అతనికిని నడుమ గోడవలె నిలుచువారే ముందువరుసలోని అయిదుగురు. నట్టనడుమ నిలుచువాడు సెంటరు. అతనికి ఇరుప్రక్కల ఇద్దరు గార్డులు. వారికావల, వరుస కొసలయందు, ఇద్దరు టాకిలులు.

చెడుగుడు ఎరిగినవారికి ఇందులో ఒక వింత కనబడును. చెడుగుడులో కూతకు వచ్చినవానిని పట్టుకొని విడువకుండుటయే నేర్పు. ఇచ్చట ముందువరుసవాడు మీదికి వచ్చువానిని ఆపవలెనే గాని పట్టుకొని లాగరాదు. లాగినచో జట్టునకు 10 గజముల దండన. అట్టి తప్పు చేసినపుడు అతని సంఖ్య మైదానమంతటను వినబడునట్లు ప్రకటింతురు. తప్పు చేయనినాడు అతనిని గూర్చి పలుకువాడు లేడు. పరుగెత్తినవాడు ఎన్ని గజములు పరుగెత్తెను, విసరినవాడు ఎన్ని గజములు విసరెను అను లెక్కలు మరునాటి పత్రికలలో అచ్చగును. ఆపినవాని పేరున వ్రాయుటకు గజములు లేవు.

బ్రూస్ మాథ్యూస్ 1961 ఆగస్టు 8న ఉత్తర కరోలినా రాష్ట్రమునందలి రాలీ నగరమున జన్మించెను. ఆట వారి యింటి విద్య. తండ్రి క్లే మాథ్యూస్ 1950లో శాన్ ఫ్రాన్సిస్కో జట్టున ఆడి, కొరియా యుద్ధకాలమున సైన్యములోని పారాచూటు దళమున పనిచేసి, తిరిగి వచ్చి 1953 మొదలు 1955 వరకు అదే జట్టున ఆడెను. అన్న పేరును క్లేయే. అతడు 1978లో క్లీవ్‌లండ్ జట్టున చేరెను. అన్నది లైన్‌బ్యాకరు స్థానము. ఎదుటివారి ముందువరుసను ఛేదించుకొని పోయి క్వార్టర్‌బ్యాకును పడగొట్టుట అతని పనులలో నొకటి. హ్యూస్టన్, క్లీవ్‌లండ్ జట్లు రెండును అప్పుడు ఒకే విభాగమున నుండుటచే, తమ్ముడు హ్యూస్టన్ జట్టున చేరిన పిమ్మట ఆ జట్లు ఏటేట రెండు మార్లు తలపడుచుండెను. ఒకరి వృత్తి గోడను నిలుపుట, ఒకరి వృత్తి గోడను కూల్చుట. ఇద్దరును ఒక తల్లి బిడ్డలు.

బ్రూస్ కాలిఫోర్నియాలోని ఆర్కేడియా ఉన్నత పాఠశాలయందు చదివి, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చటనే ముందువరుసలో ఒక చోట గాక పలుచోట్ల నిలుచుటకు అలవాటుపడెను. 1982లో దేశమంతటి విద్యార్థి ఆటగాండ్రలో మేటిగా ఎన్నికయ్యెను. ఆ సంవత్సరమే అతనికి మోరిస్ ట్రోఫీ లభించెను. దానికి యోగ్యుని నిర్ణయించువారు పత్రికా విలేఖరులు కారు. ఎదుటి జట్లలో అతనితో తలపడిన ఆటగాండ్రే. తమను ఆపినవానిని తామే మెచ్చుకొని ఇచ్చిన బహుమానమది.

విద్యాలయములు విడిచివచ్చు ఆటగాండ్రను వృత్తి జట్లు ఏటేట వంతులవారీగా ఎన్నుకొనును. ముందటి యేడు ఎక్కువగా ఓడిన జట్టునకు ముందు వంతు. 1983 నాటి ఎన్నిక నేటికిని కథగా చెప్పుకొనబడునది. మొదటి విడతలోనే ఆరుగురు క్వార్టర్‌బ్యాకులు ఎన్నికైరి. జాన్ ఎల్వే, జిమ్ కెల్లీ, డాన్ మరీనో వారిలోనివారు. హ్యూస్టన్ జట్టునకు రెండవ వంతు ఉండెను. వారు దానిని లాస్ ఏంజిలిస్ జట్టునకు ఇచ్చి మూడవ వంతు తీసికొనిరి. ఆ మూడవదానిని సియాటిల్ జట్టునకు ఇచ్చి తొమ్మిదవ వంతునకు దిగిరి. లాస్ ఏంజిలిస్ వారు ఆ రెండవ వంతున ఎన్నుకొనిన ఎరిక్ డికర్సన్ మొదటి యేడే 1,808 గజములు పరుగెత్తి క్రొత్త ఆటగాండ్రలో రికార్డు నెలకొల్పెను. హ్యూస్టన్ వారు తొమ్మిదవ వంతున తెచ్చుకొన్నది బంతి ముట్టని బ్రూస్ మాథ్యూస్‌ను. ఆనాటి అభిమానుల మనసున ఏమి మెదలియుండునో ఊహింపవచ్చును.

అయినను ఆ ఎన్నికలో ఒక క్రమము కలదు. ముందటి యేడు, అనగా 1982లో, వారు ఎనిమిదవ వంతున మైక్ మన్‌చాక్ అను గార్డును తెచ్చుకొనియుండిరి. 1984లో రెండవ వంతున డీన్ స్టైన్‌కూలర్‌ను, అతనిని కూడ ముందువరుస కొరకే, తెచ్చుకొనిరి. మూడేండ్ల పాటు తమకు లభించిన మేలైన అవకాశమును గోడ కట్టుటకే వినియోగించిరి. ఇల్లు కట్టువాడు పునాదికి పోసిన ధనము బయటికి కనబడదు. ఆ కనబడని కాలమే మాథ్యూస్ తొలి ఉద్యోగ కాలము.

1983లో మాథ్యూస్ కుడి గార్డు స్థానమున నిలిచెను. అతని వెనుకనుండి పరుగెత్తినవాడు ఎర్ల్ క్యాంప్‌బెల్. 1980లో ఒక్క సీజనున 1,934 గజములు పరుగెత్తిన మహాబలుడు. ఆ యేడును అతడు 1,301 గజములు పరుగెత్తెను. కాని జట్టు 16 ఆటలలో గెలిచినవి రెండే. మొదటి ఆరు ఆటలు వరుసగా ఓడగానే ప్రధాన శిక్షకుడు ఎడ్ బైల్స్ రాజీనామా చేసెను. చక్ స్టడ్లీ తాత్కాలికముగా బాధ్యత వహించెను. 1984లో హ్యూ క్యాంప్‌బెల్ వచ్చెను. 1985 చివర ఆయనయు పోయి జెర్రీ గ్లాన్విల్ వచ్చెను. మూడేండ్లలో నలుగురు ప్రధాన శిక్షకులు. ప్రతివారికిని ఒక పద్ధతి; ప్రతి పద్ధతికిని క్రొత్త సంకేతములు.

1984లో మాథ్యూస్‌ను సెంటరు స్థానమునకు మార్చిరి. అదే యేడు కుడి టాకిలుగా కూడ నిలిపిరి. ఆ సీజను నడుమనే క్యాంప్‌బెల్ న్యూ ఆర్లియన్స్ జట్టునకు పోయెను. కెనడా దేశపు లీగులో పేరు గడించిన వారెన్ మూన్ క్వార్టర్‌బ్యాకుగా వచ్చెను. పరుగు మీద నడచిన జట్టు విసరుట మీద నడవవలసివచ్చెను. 1985లో మాథ్యూస్ కుడి టాకిలు. 1986లో ఎడమ టాకిలు. నాలుగేండ్లలో జట్టు గెలిచిన ఆటలు 15, ఓడినవి 49.

స్థానము మారుటయనగా పీట జరుపుకొని కూర్చుండుట వంటిదని తోచవచ్చును. ఒక్కొక్క స్థానపు పని పరిశీలించినచో అది ఎంత కష్టమో తెలియును.

గార్డునకు ఎదుటివాడు చేయి చాచినంత దూరమున నుండును. ఆలోచనకు వ్యవధి లేదు. తొలి అడుగుతోనే బలము చూపవలెను. ఒక్కొక్కప్పుడు తన చోటు విడిచి, వరుస వెనుకగా ప్రక్కకు పరుగెత్తి, బంతి పట్టినవానికి ముందు దారి చేయవలెను. టాకిలు పని వేరు. వరుస కొసయందు ఎదుటివానికి చోటు విశాలము; అతడు సాధారణముగా బరువుకంటె వేగమును నమ్మినవాడు. టాకిలు వెనుకకు అడుగులు వేయుచు, తొందరపడక, అతడు లోపలికి వచ్చునో బయటనుండి చుట్టి వచ్చునో కనిపెట్టవలెను. ముందుగా మీదికి పోయినవాడు మోసపోవును. ఎడమ టాకిలు బాధ్యత ఇంకను గొప్పది. కుడిచేతివాటపు క్వార్టర్‌బ్యాకు విసరుటకు సిద్ధపడినపుడు అతని వీపు ఎడమవైపునకు తిరిగియుండును. ఆ వైపునుండి వచ్చు దెబ్బ అతనికి కనబడదు. మూన్ కుడిచేతివాటమువాడు. 1986లో అతని వీపును కాచినవాడు మాథ్యూస్.

సెంటరు పని అన్నిటికంటె వింతైనది. తల వంచి, కాళ్ళ నడుమనుండి బంతిని వెనుకకు అందించి, ఆ చేయి తిరిగి ముందుకు రాకమునుపే ఎదుటివానిని ఎదుర్కొనవలెను. ఆనాడు పెక్కు జట్లు తమ వరుసలోని మహాకాయుని సరిగా సెంటరు ఎదుటనే నిలుపుచుండెను. ఇదిగాక, ఎదుటివారు ఏ తీరున నిలిచినారో చూచి, ఎవరు ఎవరిని ఆపవలెనో తోడివారికి సంకేతములతో చెప్పుటయు సాధారణముగా సెంటరు బాధ్యతయే. అనగా గార్డు తన ఎదుటివానిని తెలిసికొన్న చాలును. సెంటరు అయిదుగురి పనియు తెలిసికొనవలెను.

కుడినుండి ఎడమకు మారుటయందును ఒక చిక్కు కలదు. కుడివైపున నిలుచువాడు కుడికాలు వెనుకకు పెట్టి, ఆ కాలితో తొలి అడుగు వేయుటకు అలవాటుపడును. ఎడమవైపునకు పోయినచో అంతయు అద్దములోని బొమ్మవలె తారుమారగును. ఏండ్ల తరబడి కుడిచేత వ్రాసినవానిని రేపటినుండి ఎడమచేత అదే వేగముతో, అదే అందముతో వ్రాయుమనుట వంటిది. పైగా వెనుకటి నియమముల ప్రకారము అడ్డువాడు చేతులు చాచరాదు. 1978లో, క్వార్టర్‌బ్యాకు విసరునపుడు ఎదుటివానిని ఆపువారు చేతులు చాచి, అరచేతులతో నెట్టవచ్చునని నియమము మారెను. అది మొదలు ఈ పని భుజబలమునకు తోడు చేతి నేర్పునందును, పాదముల నిలుకడయందును ఆధారపడెను. తండ్రి ఎరిగిన విద్యను కొడుకు చాలవరకు క్రొత్తగా నేర్చుకొనవలసివచ్చెను.

ఇంత చేసినవానికి ఆ సంవత్సరములలో దక్కిన గౌరవమెంత? ప్రతి సీజను చివరను ఉత్తమ ఆటగాండ్రను ప్రో బౌల్ అను ఆటకు ఎన్నుకొనుచుండిరి. ఆ ఎన్నిక స్థానముల వారీగా జరుగును. 1983 మొదలు 1987 వరకు మాథ్యూస్ పేరు అందులో లేదు. జట్టు ఓడుచుండుటయే కారణమని చెప్పుదమన్న, అదే ఓడిన జట్టున ఎడమ గార్డు స్థానమున స్థిరముగా నుండిన మన్‌చాక్ 1984లోను, 1985లోను ఎన్నికయ్యెను. మన్‌చాక్ గొప్ప ఆటగాడు. అందు సందేహము లేదు. కాని ఒకే చోట నిలిచినవాని పని చూపరులకు పోల్చుకొనుటకు వీలుగా నుండును. ఏటేట చోటు మారువాడు ప్రతి చోటను క్రొత్తవాడే. గార్డులను లెక్కించువారు అతనిని టాకిలు అందురు, టాకిలులను లెక్కించువారు అతనిని గార్డు అందురు. అన్ని సీట్ల పనియు తెలిసినవానికి తన సీటు అనునది లేకుండుట కార్యాలయములు ఎరిగినవారికి క్రొత్త విషయము కాదు. సెలవుమీద పోయినవాని పనికి అతనినే పిలుతురు. పదోన్నతి జాబితా వ్రాయునపుడు అతడే గుర్తునకు రాడు.

ఇచ్చట కథలో ఒక మలుపు కలదు. 1987లో మాథ్యూస్ ఒప్పందపు గడువు ముగిసెను. క్రొత్త ఒప్పందము తనకు సమ్మతమైనట్లు కుదురువరకు అతడు పనిలో చేరలేదు. ఆ సీజనున సుమారు సగము ఆటలు అతడు లేకయే గడచినవి. చెప్పిన చోటనెల్ల నిలిచినవాడు జీతము మాట వచ్చునప్పటికి ఇంత పట్టుదల చూపుట కొందరికి విరుద్ధముగా తోచవచ్చును. విచారించినచో విరుద్ధము లేదు. జట్టునకు ఏది అవసరమో అది చేయుట అతని ధర్మము. చేసినదాని విలువ అడుగుట అతని హక్కు. మొదటిదానిని లోపము లేకుండ నెరవేర్చినవాడు రెండవదానిని తలయెత్తి అడుగగలిగెను. బాగా పనిచేయువాడు అడుగకుండనే అన్నియు వచ్చునని నమ్మియుండుట వినుటకు సొంపుగానే యుండును. కాని ఓడిన నాలుగేండ్లలో అతనికి అడుగకుండ వచ్చినది మరియొక చోటికి మార్పు మాత్రమే.

ఆ యేడే జట్టు దశ తిరిగెను. 15 ఆటలలో 9 గెలిచి, 1980 తరువాత మొదటిసారిగా చివరి పోటీలకు అర్హత పొందెను. 1988 జనవరిలో సియాటిల్ జట్టును అదనపు సమయమున 23-20తో ఓడించెను. 1988 సీజనున మాథ్యూస్‌ను కుడి గార్డు స్థానమున నిలిపి, అచ్చటనే ఉంచిరి. ఆ యేడే అతడు మొదటిసారి ప్రో బౌల్‌కు ఎన్నికయ్యెను. అది మొదలు 2001 వరకు వరుసగా 14 ఏండ్లు ఎన్నికగుచునే యుండెను. అయిదేండ్లు కనబడనివాడు ఆ యేడు హఠాత్తుగా గొప్పవాడయ్యెనని అనుకొనుట సరికాదు. అతని గొప్పతనము చూచుటకు వీలైన చోట నిలబడెను; అంతియే.

ఇక, తొలి యేండ్ల తిరుగుడు వ్యర్థమయ్యెనా? కాలేదు. తరువాతి కాలమున జట్టునకు సెంటరు కావలసినపుడు సెంటరుగాను, ఎడమ గార్డు కావలసినపుడు ఎడమ గార్డుగాను అతడు తిరిగి మారెను. అప్పుడు చోటు మారినను గుర్తింపు తప్పలేదు. ఎవరో ఏమిటో లోకము ఎరిగియుండెను. జట్టు 1997లో టెనెసీ రాష్ట్రమునకు తరలిపోగా అతడును తరలెను. 19 సీజనులు ఆడి, 2001 సీజను తరువాత విరమించెను. అప్పటికి ఆడిన ఆటలు 296. బంతిని తన్నుటకే ప్రత్యేకముగా నుండువారిని మినహాయించినచో, ఆనాటికి అన్ని ఆటలు ఆడినవాడు మరియొకడు లేడు. దెబ్బ తగిలినదని ఒక్క ఆటయైనను మానినవాడు కాడు. ఆట ఆరంభమున అతడు ఎడమ గార్డుగా 99 మార్లు, సెంటరుగా 87 మార్లు, కుడి గార్డుగా 67 మార్లు, కుడి టాకిలుగా 22 మార్లు, ఎడమ టాకిలుగా 17 మార్లు నిలిచెనని లెక్క. ఎవరును వ్రాయని పనికి చివరకు ఇట్లు లెక్క దొరికెను.

2007లో అతనికి ఒహాయో రాష్ట్రమునందలి క్యాంటన్ నగరపు ఫుట్‌బాల్ కీర్తిమందిరమున స్థానము లభించెను. ఆ సభలో అతనిని సభ్యులకు పరిచయము చేసినవాడు, ఓడిన యేండ్లలో అదే వరుసలో నిలిచి పోరాడిన మైక్ మన్‌చాక్. అప్పటికి ఆరేండ్ల ముందే మన్‌చాక్‌కు అందు స్థానము లభించియుండెను. ఒకడు ఒకే చోట నిలిచి పోయెను. ఒకడు అన్ని చోట్ల తిరిగి పోయెను. ఇద్దరును చేరినది ఒకే మందిరమునకు.

కేంద్ర ప్రభుత్వోద్యోగుల కుటుంబములకు మార్పు అనుమాట అర్థము విప్పి చెప్పనక్కరలేదు. నగరము మారును, శాఖ మారును, పిల్లల పాఠశాల మారును. క్రొత్త చోట మరల మొదటినుండి మొదలు పెట్టవలెను. నేర్చినది పోవుటలేదని మాథ్యూస్ చరిత్ర చెప్పుచున్నది. అది పనిచేయువాని కొరకు. పని చేయించువాని కొరకును అందులో ఒక మాట కలదు. ఎక్కడ పెట్టినను పనికివచ్చువాడు దొరికినపుడు అతనిని అన్ని చోట్లకు పంపుట సులభము. అట్టివానికి 1988 వంటి యేడు ఒకటి కల్పింపవలెనని గుర్తుంచుకొనుట కష్టము. మన కార్యాలయములలో అట్టివారు ఎందరు కలరో, వారిలో ఎందరికి ఆ యేడు వచ్చెనో, సభయందున్న పెద్దలే ఎరుగుదురు.